తొమ్మిది మైళ్ల బాకీ

గంటకు 200 మైళ్లు పోతుందని చెప్పి 191 దగ్గర ఆగిపోయిన ఆస్టన్ మార్టిన్ బుల్‌డాగ్ కథ. ఇరవై అయిదు కార్లు కడతామన్నారు, కట్టింది ఒక్కటే.

ఆస్టన్ క్లింటన్ అనేది లండన్‌కు వాయవ్యంగా బకింగ్‌హమ్‌షైర్‌లో ఉన్న చిన్న ఊరు. దాని పక్కనే ఓ గుట్ట ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ గుట్ట ఎక్కే కార్ల పందేల్లో లయోనెల్ మార్టిన్ అనే ఆయన మంచి పేరు తెచ్చుకున్నాడు. ఆ సరదాతో గుట్ట పేరును తన ఇంటిపేరుకు ముందు తగిలించి కార్లు కట్టాడు. ఆస్టన్ మార్టిన్ పుట్టుక అలాంటిది. 1980 మార్చి 27న ఆ కంపెనీ విలేకరులను మళ్లీ అదే ఊరికి, బెల్ హోటల్‌కు పిలిచింది. అప్పటికి కంపెనీకి అరవై ఏళ్లు దాటాయి, చేతిలో డబ్బు లేదు, అప్పుల వాళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. అలాంటి వేళ వచ్చినవాళ్లకు చూపించింది ప్రపంచంలో అందరికంటే వేగంగా పోయే కారు కావాలని కట్టిన యంత్రం.

దాని ఎత్తు 43 అంగుళాలు. మామూలు మనిషి పక్కన నిలబడితే పైకప్పు నడుం దగ్గరికి వస్తుంది. వెండి రంగు, కింద ముదురు బూడిద రంగు. ఒంటి మీద ఎక్కడా వంపు అన్నది లేదు. రేకును గీత గీసి మడత పెట్టినట్టు అన్నీ పలకలే. ముందు నుంచి చూస్తే దీపాలు కనపడవు. మీట నొక్కితే బానెట్ నడిమి పలక కిందికి దిగుతుంది, లోపల అయిదు దీపాలు వరసగా ఉంటాయి. తలుపులు పక్కకు తెరుచుకోవు, పైకప్పు మధ్యలో ఉన్న కీలు మీద పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. ఇంగ్లిష్ వాళ్లు గల్‌వింగ్ అనే ఈ ఏర్పాటు 1950ల్లోనే మెర్సిడెస్ చూపించినదే. ఇక్కడ మాత్రం తలుపు నడుం దగ్గర ఆగదు, కారు అడుగు దాకా పక్క మొత్తం తలుపే. అంత బరువును మనిషి చెయ్యి ఎత్తలేదు కాబట్టి హైడ్రాలిక్ పంపుతో లేపుతారు. లోపల ముదురు గోధుమ రంగు తోలు, వాల్‌నట్ చెక్క, ముల్లు తిరిగే డయళ్ల బదులు ఎర్రగా వెలిగే అంకెలు, తాకితే పనిచేసే మీటలు. క్లబ్బులో కూర్చునే దొర గదినీ అంతరిక్ష నౌకనూ ఒకే చోట ఇరికించినట్టుంటుంది. నాకైతే అదే నచ్చింది. ఇటలీ వాడు ఇలాంటి కారు కడితే చెక్క పెట్టడు. ఎంత వేగంగా పోయినా డ్రాయింగ్ రూమును వెంటబెట్టుకుని పోవాలనుకునేది ఇంగ్లిష్ వాడే.

ఈ కారు గీసినాయన విలియం టౌన్స్. 1936లో పుట్టాడు. రూట్స్, రోవర్ కంపెనీల్లో పనిచేసి 1966లో ఆస్టన్ మార్టిన్‌కు వచ్చాడు. అక్కడ ఆయనకు మొదట అప్పజెప్పింది సీట్ల డిజైన్. మరుసటి ఏడే ఆయన గీసిన డీబీఎస్ కారు బజారులోకి వచ్చింది. తర్వాత స్వతంత్రుడయ్యాక ఆయన బుర్ర పూర్తిగా సరళరేఖల మీదికి మళ్లింది. 1976లో ఆస్టన్ మార్టిన్ కోసమే గీసిన లగోండా అనే నాలుగు తలుపుల కారు చూసి సగం మంది ముచ్చటపడ్డారు, సగం మంది మొహం తిప్పుకున్నారు. టౌన్స్ ఒక్కడే ఇలా గీశాడనుకోవద్దు. 1970లో బెర్టోనె కంపెనీలో మార్చెల్లో గాందీనీ గీసిన స్ట్రాటోస్ జీరో, మరుసటి ఏడు అదే చేతి నుంచి వచ్చిన లాంబోర్గీని కౌంటాష్, ఆ తర్వాత జూజారో గీసిన లోటస్ ఎస్ప్రీ: ఆ దశాబ్దమంతా కార్లకు ముక్కు సన్నం, వెనక ఎత్తు. ఇటాలియన్లు ఆ కోణాలను ఎక్కడో ఒకచోట మెత్తబరిచారు. టౌన్స్ మాత్రం స్కేలు కింద పెట్టలేదు.

కారు బయటికి రావడానికి ముందు కంపెనీ పరిస్థితి చెప్పాలి. లేకపోతే ఇది పిచ్చిపనిగానే కనిపిస్తుంది. ట్రాక్టర్లు, గేర్లు చేసే డేవిడ్ బ్రౌన్ 1947లో ఆస్టన్ మార్టిన్‌ను కొని పాతికేళ్లు పోషించాడు. జేమ్స్ బాండ్ చేతికి 1964లో గోల్డ్‌ఫింగర్ సినిమాతో వచ్చిన డీబీ5లోని రెండక్షరాలు ఆయన పేరువే. కంపెనీకి పేరొచ్చింది గానీ లాభం రాలేదు. 1972లో నామమాత్రపు ధరకు దాన్ని వదిలించుకున్నాడు. కొన్నవాళ్లు రెండేళ్లకే చేతులెత్తేశారు. 1974 డిసెంబరు ఆఖరున కంపెనీ అప్పులవాళ్ల తరఫున వచ్చే రిసీవర్ చేతికి వెళ్లింది, న్యూపోర్ట్ ప్యాగ్నెల్‌లోని ఫ్యాక్టరీకి తాళం పడింది. 1975లో అమెరికా నుంచి పీటర్ స్ప్రేగ్, కెనడా నుంచి జార్జ్ మిండెన్ వచ్చి తాళం తీశారు. కొద్దికాలానికి అలన్ కర్టిస్ అనే ఇంగ్లిష్ వ్యాపారి కూడా చేరి పగ్గాలు పట్టాడు.

చచ్చి బతికిన కంపెనీ మామూలుగా ఖర్చు తగ్గించుకుని గుట్టుగా కాలం గడుపుతుంది. వీళ్లు అలా చేయలేదు. లగోండా అనే వింతను గీయించి, దానికి డిజిటల్ అంకెల డాష్‌బోర్డు పెట్టారు. స్ప్రేగ్ అమెరికాలో నేషనల్ సెమీకండక్టర్ అనే చిప్పుల కంపెనీకి చైర్మన్ కూడా, ఆ మోజు ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. 1978లో వోబర్న్ అబ్బీలో లేడీ టావిస్టాక్‌కు మొదటి లగోండాను అప్పగించే ముహూర్తానికి ఆ ఎలక్ట్రానిక్స్ మొరాయించాయి. పత్రికల వాళ్లు చూస్తుండగా కారును తోసుకురావాల్సి వచ్చింది. అయినా ఆర్డర్లు వచ్చాయి. అక్కడే ఈ కంపెనీకి ఓ పాఠం దొరికింది: బండి కదలకపోయినా ఫర్వాలేదు, లోకం మన గురించి మాట్లాడుకుంటే చెక్కులు వస్తాయి. బుల్‌డాగ్‌కు బీజం పడింది ఈ లెక్కలోనే అని నా నమ్మకం.

పని మొదలైంది 1970ల మధ్యలో. ఇంజినీరు మైక్ లోస్‌బీ. ఫ్యాక్టరీలో ఈ పనికి పెట్టుకున్న సంకేతం డీపీ కె 901. ఆ కె, 9 అంకె కలిపి చూడాలి. బీబీసీ టీవీలో డాక్టర్ హూ సీరియల్‌లో 1977లో కె-9 అనే రోబో కుక్క వచ్చింది, అదీ ఇలాగే పలకలు అతికించిన ఆకారమే. బుల్‌డాగ్ అన్న పేరు కూడా కుక్క వల్ల వచ్చిందనే అందరూ అనుకుంటారు. కానీ కర్టిస్‌కు విమానం నడపడం సరదా. ఆయన నడిపిన స్కాటిష్ ఏవియేషన్ బుల్‌డాగ్ అనే శిక్షణ విమానం పేరే కారుకు పెట్టారని చెబుతారు. చర్చిల్ కాలం నుంచీ ఆ కుక్క మొహం ఇంగ్లండుకు గుర్తుగా చలామణీ అవుతోంది కాబట్టి ఎటు చూసినా పేరు అమరింది.

చేతిలో ఉన్న కొద్దిమంది మనుషులు అమ్ముడుపోయే కార్ల పనిలో ఉండేవాళ్లు. బుల్‌డాగ్ పని మధ్యమధ్యలో ఆగేది. 1979లో లోస్‌బీ ఉత్తర ఐర్లండ్‌లో కొత్తగా మొదలైన డెలోరియన్ కంపెనీకి వెళ్లిపోయాడు. మిగిలిన భారం కీత్ మార్టిన్ మీద పడింది. ఆయన చిన్న బృందాన్ని పెట్టుకుని పూర్తి చేశాడు. ఇంటిపేరు ఒకటే గానీ స్థాపకుడికీ ఈయనకూ చుట్టరికం ఏమీ లేదు.

ఇంజిన్ మాత్రం ఇంట్లోదే. పోలండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ తాడెక్ మారెక్ రూపొందించిన 5.3 లీటర్ల వీ8 అది. ఆ ఫ్యాక్టరీలో ఒక ఇంజిన్‌ను మొదటి నట్టు నుంచి చివరి నట్టు దాకా ఒకే మనిషి బిగించేవాడు. చివర తన పేరున్న చిన్న రేకు దానికి అతికించేవాడు. ఆ ఇంజిన్‌ను బుల్‌డాగ్‌లో సీట్ల వెనక, కారు నడిమధ్యన కూర్చోబెట్టి రెండు గారెట్ టర్బోలు తగిలించారు. ముందువైపు ఇంజిన్ పెట్టడమే ఆస్టన్ మార్టిన్ ఇంటి ఆచారం, అది తప్పారు. కారులో బిగించినప్పుడు 600 హార్స్‌పవర్ అని చెప్పారు, పరీక్షా బల్ల మీద 700 దాకా వచ్చిందన్నారు. కంపెనీ లెక్కల ప్రకారం ఇది గంటకు 237 మైళ్ల దాకా పోవాలి, అంటే 381 కిలోమీటర్లు. బయటికి ప్రకటించిన లక్ష్యం 200 మైళ్లు, అంటే 322 కిలోమీటర్లు. అప్పటికి రోడ్డు మీద తిరిగే ఏ కారూ ఆ గీత దాటలేదు. అమ్మకానికి పెట్టిన కారుతో 201 మైళ్లు పోతామని ఫెరారీ చెప్పుకున్నది 1987లో, ఎఫ్40 వచ్చాక.

పరీక్షకు నన్‌ఈటన్ దగ్గరున్న మైరా అనే మోటారు పరిశోధన సంస్థ ట్రాక్‌కు తీసుకెళ్లారు. అది మూడు మూలల్లో ఏటవాలు గట్టు కట్టిన ముక్కోణపు దారి. ఒక వైపు పూర్తయ్యేలోపు మలుపు వచ్చేస్తుంది. అక్కడ బుల్‌డాగ్ అందుకున్న గరిష్ఠ వేగం 191 మైళ్లు, అంటే 307 కిలోమీటర్లు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. కానీ చెప్పిన మాట 200.

తొమ్మిది మైళ్లే కదా అనిపిస్తుంది. ఈ వేగాల దగ్గర ఇంజిన్ పోరాడేది రోడ్డుతో కాదు, గాలితో. గాలి ఎదురు తోపు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి ఘనంతో పెరుగుతుంది. 191 నుంచి 200కు వేగంలో తేడా అయిదు శాతం లోపే. శక్తి మాత్రం దాదాపు పదిహేను శాతం ఎక్కువ కావాలి. 600 హార్స్‌పవర్ మీద అది తొంభై. మంచి సెడాన్ కారు ఇంజిన్ మొత్తాన్ని అదనంగా తగిలించాలన్నమాట. పైగా ఆ చివరి మైళ్లు నెమ్మదిగా పోగవుతాయి, వాటికి తిన్నని నేల పొడుగ్గా కావాలి. మలుపులున్న ట్రాక్ మీద ఆ నేల దొరకదు. ఇంజిన్‌లో సత్తా లేక ఆగిందా, దారి చాలక ఆగిందా అన్న అనుమానం అలాగే మిగిలిపోయింది.

బెల్ హోటల్‌లో తెర తీసినప్పుడు ఇలాంటివి ఇరవై అయిదు వరకు కడతామన్నారు. ఎక్కడ నడుపుతారని ఎవరైనా అడిగారో లేదో! బ్రిటన్‌లో 1960ల నడిమి నుంచీ మోటారు దారుల మీద పరిమితి 70 మైళ్లు. అమెరికాలో 1974 నుంచీ 55 ఉండేది. ఇరాన్ విప్లవం తర్వాత పెట్రోలు ధర మళ్లీ నెత్తికెక్కింది. మార్గరెట్ థాచర్ సర్కారు ధరలను అదుపు చేయడానికి వడ్డీ రేటును 1979 నవంబరులో 17 శాతం చేసింది. పౌండు విలువ పెరిగి ఎగుమతులు దెబ్బతిన్నాయి. చేత్తో రేకులు కొట్టి కార్లు కట్టి సగం విదేశాలకు అమ్ముకునే కంపెనీకి ఇంతకంటే చెడ్డ కాలం ఉండదు.

ఇది చాలదన్నట్టు కర్టిస్ అదే ఏడు ఇంకో బరువు తలకెత్తుకోబోయాడు. ప్రభుత్వ రంగంలో ఉన్న బ్రిటిష్ లేలాండ్ ఆబింగ్డన్‌లోని ఎంజీ స్పోర్ట్స్ కార్ల ఫ్యాక్టరీని మూసేస్తామని 1979 సెప్టెంబరులో ప్రకటించింది. దాన్ని మేం కొంటామని కర్టిస్ ఓ కూటమిని కూడగట్టుకుని ముందుకొచ్చాడు. తన అప్పే తీర్చలేని ఇంటాయన పక్కవాడి ఇల్లు వేలంలో పాడబోయాడు. కొన్ని నెలలు బేరాలు నడిచాయి. డబ్బు కూడలేదు, 1980 వేసవిలో బేరం పడిపోయింది. ఆ శరదృతువులో ఎంజీ ఫ్యాక్టరీ మూతపడింది.

1981 మొదట్లో కర్టిస్ తప్పుకున్నాడు. పేస్ పెట్రోలియం అనే చమురు కంపెనీ పెట్టి సంపాదించిన విక్టర్ గాంట్‌లెట్, సీహెచ్ ఇండస్ట్రియల్స్ తరఫున టిమ్ హియర్లీ వచ్చి కంపెనీని చేతిలోకి తీసుకున్నారు. గాంట్‌లెట్ లెక్క చూశాడు, బుల్‌డాగ్‌ను ఆపేశాడు.

ఈ మనిషిని కార్ల మీద మోజు లేని లెక్కల గుమస్తాగా చూపే రాతలు ఉన్నాయి. అది అన్యాయం. పాత బెంట్లీలంటే ప్రాణమిచ్చేవాడు. కంపెనీ కష్టాల్లో ఉన్నప్పుడే లెమాన్ రేసు కోసం నిమ్రాడ్ అనే రేసింగ్ కారు ప్రాజెక్టుకు వెన్నుదన్నుగా నిలిచాడు. 1987లో ది లివింగ్ డేలైట్స్ సినిమాతో జేమ్స్ బాండ్‌ను మళ్లీ ఆస్టన్ మార్టిన్ ఎక్కించింది ఆయనే. కంపెనీని ఫోర్డ్ చేతికి చేర్చే దాకా బతికించిందీ ఆయనే. అలాంటివాడు బుల్‌డాగ్‌ను ఆపాడంటే వేగం గిట్టక కాదు. ఇరవై అయిదు బుల్‌డాగ్‌లు కట్టడం మొదలుపెట్టి ఉంటే ఈ రోజు మనం చెప్పుకోవడానికి ఆస్టన్ మార్టిన్ ఉండేది కాదని నేననుకుంటున్నాను. చేతికి తోలు ఊడేలా పనిచేసినవాళ్లకు అది రుచించదు. నిజం మాత్రం అదే.

కారును ఏం చేయాలి? 1984లో 1,30,000 పౌండ్లకు అమ్మేశారు. కొన్నది పశ్చిమాసియాకు చెందిన సంపన్నుడు. ఆ తర్వాత బుల్‌డాగ్ దేశాలు తిరిగింది, అమెరికాలో కొన్నాళ్లుంది, చేతులు మారింది. దారిలో వేషమూ మారింది. వెండి రంగు పోయి ఆకుపచ్చ వచ్చింది, లోపలి తోలు రంగు మార్చారు, వెనక ఏముందో కనపడక అద్దాలు, కెమెరాలు బిగించుకున్నారు. టౌన్స్ దాన్ని ముందుకు పోవడానికే గీశాడు మరి, వెనక చూసే ఏర్పాటు మీద మనసు పెట్టలేదు. ఆయన హస్లర్ అనే కారును కూడా గీసి, ఎవరింట్లో వాళ్లు బిగించుకునేలా విడిభాగాల మూటగా అమ్మాడు. దానిలోనూ అన్నీ పలకలే. 1993లో కన్నుమూశాడు. గాంట్‌లెట్ 2003లో పోయాడు.

2020 నాటికి బుల్‌డాగ్ ఫిలిప్ సారోఫిమ్ అనే అమెరికన్ చేతికొచ్చింది. ముక్కు సన్నటి ఆ దశాబ్దపు కార్లంటే ఆయనకు ఇష్టం. దాన్ని బాగుచేయమని ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్‌లోని బ్రిడ్జ్‌నార్త్ ఊళ్లో ఉన్న క్లాసిక్ మోటార్ కార్స్ అనే వర్క్‌షాపుకు పంపాడు. పని చూసుకునే బాధ్యత రిచర్డ్ గాంట్‌లెట్‌కు అప్పగించాడు. ఆయన విక్టర్ గాంట్‌లెట్ కొడుకు. తండ్రి ఆపిన పని కొడుకు చేతికి వచ్చింది. కథల్లో రాస్తే నమ్మం.

పని పద్దెనిమిది నెలలు పట్టింది, వేల గంటలు. నట్టు నట్టూ విప్పారు. ఆకుపచ్చ గీకేసి వెండి, బూడిద రంగులు మళ్లీ వేశారు. ఒకే ఒక్క కారుకు విడిభాగాలు ఎక్కడా దొరకవు. పాడైనదాన్ని చూసి కొలిచి, అలాంటిదే చేసుకోవాలి. తలుపుల హైడ్రాలిక్స్, నలభై ఏళ్ల నాటి ఎర్రంకెల ఎలక్ట్రానిక్స్ లాంటి పనుల్లో ఫ్యాక్టరీ పుస్తకం సాయం చేయదు, ఎందుకంటే పుస్తకం రాసే దాకా ఆ ప్రాజెక్టు బతకలేదు. 2021 సెప్టెంబరులో హ్యాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో జరిగిన కార్ల ప్రదర్శనలో బుల్‌డాగ్‌ను జనానికి చూపించారు. అదే ఏడాది ఆఖరులో ఆస్టన్ మార్టిన్ వాల్కిరీ అనే కారును ఖాతాదారులకు ఇవ్వడానికి సిద్ధం చేసింది. ఇంజిన్ నడిమధ్యన పెట్టి ఆ కంపెనీ కట్టి అమ్మిన రోడ్డు కారు అదే మొదటిది. బుల్‌డాగ్ చూపించిన దారిలోకి రావడానికి కంపెనీకి నాలుగు దశాబ్దాలు పట్టింది.

సారోఫిమ్ కారును షో కోసం మాత్రమే బాగుచేయించలేదు. 200 దాటించాలని మొదటి నుంచీ పట్టు పట్టాడు. కొంతమంది పాత కార్ల మేధావులు పెదవి విరిచారు. ప్రపంచంలో ఒక్కటే ఉన్న వస్తువును ఆ వేగంలో పందెం కాయడమేమిటని వాళ్ల వాదన. టైరు పేలితే రెండో బుల్‌డాగ్ ఉండదు. వాళ్ల భయం అర్థమైనా నేను సారోఫిమ్ పక్షమే. వేగం కోసం తప్ప ఇంకెందుకూ పుట్టని యంత్రం అది. దాన్ని అద్దాల గదిలో నిలబెడితే రంగు వేసిన బొమ్మకూ దానికీ తేడా లేదు.

స్కాట్లండ్ పడమటి అంచున సముద్రంలోకి సన్నగా సాగిన కింటైర్ ద్వీపకల్పం కొసన క్యాంప్‌బెల్‌టౌన్ ఊరుంది. దాని పక్కన ఒకప్పటి మాక్రిహానిష్ వైమానిక స్థావరం ఉంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో నాటో విమానాల కోసం వేసిన రన్‌వే అది, పొడవు మూడు కిలోమీటర్లు దాటుతుంది. మైరాలో దొరకని తిన్నని నేల ఇక్కడుంది. 2023 జూన్ 6న బుల్‌డాగ్‌ను అక్కడికి తెచ్చారు. స్టీరింగ్ పట్టింది డారెన్ టర్నర్, లెమాన్‌లో ఆస్టన్ మార్టిన్ తరఫున తన తరగతిలో మూడుసార్లు నెగ్గిన డ్రైవరు. అప్పటికి ఆయన వయసు దగ్గర దగ్గర యాభై. అంటే కారు గీస్తున్న రోజుల్లో ఆయన పసివాడు.

మూడు కిలోమీటర్లు వినడానికి ఎక్కువే. కానీ అందులో వేగం పుంజుకోవాలి, కొలిపించుకోవాలి, మళ్లీ ఆగాలి. గంటకు 200 మైళ్లంటే సెకనుకు దాదాపు 90 మీటర్లు. రెప్ప వేసి తీసేలోపు ఇరవై ముప్ఫై మీటర్లు వెనక్కి పోతాయి. 1970ల్లో గీసిన శరీరం, పక్క నుంచి వీచే సముద్రపు గాలి, ఇప్పటి కార్లలో తప్పు కాసే ఎలక్ట్రానిక్స్ ఏవీ లేవు. టర్బోలు ఊపందుకునే దాకా కారు ఓ రకంగా, అందుకున్నాక ఇంకో రకంగా ఉంటుంది. అది ఆ కాలం టర్బోలన్నిటి గుణమే. టర్నర్ తొక్కాడు. కొలత పరికరం 205.4 మైళ్లు చూపించింది, అంటే 330.6 కిలోమీటర్లు.

దారి చాలకే 191 దగ్గర ఆగిందన్న అనుమానానికి అలా బలం వచ్చింది. 200 అన్న మాట చెల్లింది. కాగితం మీద వేసిన 237 మాత్రం కాగితం మీదే ఉంది, దాన్ని తేల్చాలంటే మాక్రిహానిష్ కంటే పొడవైన నేల కావాలి.